తొడిమల తోడు

పాలు వద్దు, పెరుగు వద్దు, నెయ్యి వద్దు,
తేనె కూడా వద్దనింది కొత్తింటి పాప.
హొరమావులో పదకొండో అంతస్తు.
వేలెంబడి వేలు మడిచి చెప్తా వుంటే
నా జీతం కూడా ఆ పిడికిట్లోనే
మడుచుకుపోతాదేమోనని భయపడినా.

"వీగన్, ఓబుళమ్మా" అనింది.
మూడుసార్లు అనిపించింది నాతో.
మూడోసారికి అది
మా పక్కూరి పేరు మాదిరి వినబడింది.

అలమరా తెరిస్తే
కందిబేడలు, ఉలవలు, అలసందలు, రాగిపిండి,
గాజుసీసాలో కొర్రలు, దానిమీద ఇంగ్లీషు చీటీ.
ఎద్దులకు పోను మిగిలిన ఉలవలు తిన్న మనిషి మా నాయన.
ఈ చీటీలో రేటు చదివి చెప్పింటే
ఎద్దుకు దండం పెట్టి వచ్చునేమో.

మొదటిరోజు సంగటి కెలికినా.
సోకుకు పెట్టుకున్న రోలు కడిగి
ఊరిబిండి నూరినా.
పాప ముద్దను చెంచాతో కోసింది.
చెయ్యి పెట్టు తల్లీ, కాల్తే కాలనీ అన్నా.
కాలింది. నవ్వింది.
రెండోరోజుకే గుంట చేసి పులుసు పోసుకునేది వచ్చేసింది.

నెయ్యి లేని పప్పా అని మూతి తిప్పేది మా అత్త.
ఆమె నెయ్యి చూసింది ఏటికొకసారి, ఉగాదికి.
గానుగ బుడ్డనూనెలో ఎండుమిరప, తెల్లగడ్డ చిటపటలాడితే
ఏ పప్పుకు ఏం తక్కువ?

చలి వస్తానే
రోడ్డువారన అనపకాయలు కుప్పలు కుప్పలు.
"అవరెకాయ్" అని బండోడి కేక.
ఆ సొనవాసన నా మాదిరే
దుడ్లివ్వకుండా ఎక్కుతాది బస్సు.
నానేసి రెండు వేళ్ల సందున ఒత్తితే
తోలు వదిలి ఎగిరి దూకుతాది పప్పు.
ఒకటి పోయి పాప లాప్‌టాప్ మీద పడింది.
మీటింగు ఆపకుండానే నోట్లో వేసుకునింది, పచ్చిదే.

అన్నీ కుదిరినాయి గానీ
ఆఖరి ముద్దకాడ ఆగిపోయేది పాప.
తట్ట చూస్తా కూచునేది.
నోరు తెరిచి అడగదు.
వద్దనింది తనే గదా.

బుడ్డలు రాత్రంతా నానబెట్టి,
రుబ్బి, గుడ్డలో పిండి, కాచి,
గోరువెచ్చగా ఆరబెట్టినా.
తోడేసేదానికి మజ్జిగచుక్క యాడిది?
పచ్చిమిరప తొడిమలకు ఆ గుణముందని
పైఅంతస్తు వంటామె అంటే విన్నా.
ఏడు తొడిమలు వేసి మూత పెట్టినా.
పొద్దున్నే చూస్తే నీళ్లు ఒకపక్క, పిండి ఒకపక్క.
మర్నాడు పదకొండు వేసినా.
కంపు. సింకులో పోసి
పాప లేవకముందే ఊదుబత్తి వెలిగించినా.
మూడోరోజు గిన్నెకు తువ్వాలు చుట్టి
బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టినా,
పసిబిడ్డను పండబెట్టినట్టు.

పడింది తోడు.
వంచితే కదల్లే.

పాప తినింది, ఏమీ అనలే.
తట్టంతా వేలితో తుడిచింది,
నాలుగు గీతలు మిగిలినాయి.

మా ఆయనకు ఏటీఎం కాడ రాత్రి కాపలా.
నేను పోయే పొద్దుకు ఆయన వస్తాడు.
వాకిట్లో తాళంచెవి చెయ్యి మారతాది,
అంతే మాటామంతీ.
నెలాఖర్న మా ఇంట్లో పాలపాకెట్టు ఉండదు.
చింతపండు చారు, బుడ్డలపొడి, సంగటి.
ఆ పదిరోజులూ మేమూ ఆ పక్కూరోళ్లమే,
ఊరిపేరు తెలీక.
ఒకటో తేదీ వస్తానే టీకి పాలు కొంటాం,
దాచేదేముంది.
పాపకు మాత్రం ఈ లెక్క చెప్పలే.

ఈపొద్దు ఒక గరిటె తోడు
టిఫిన్‌డబ్బాలో ఇంటికి తెచ్చినా.
రేపటికింత మిగిల్చకపోతే
మళ్లీ తొడిమలకాడి నుంచి రావాల.
ఆయన ఇంకా నిద్రలో ఉండాడు,
గోడవైపు తిరిగి, యూనిఫారం కూడా విప్పకుండా.
లేచేలోపల అన్నంలో కలిపి పెడతా.
ఏమే, ఇది ఏం పెరుగు అంటే
పెరుగే అంటా.
తిన్నాక చెప్తా.